బీదతనమే బలమైన వేళ: ఇటలీ కౌబాయ్ చిత్రాల కథ

భుజాన గొంగళి లాంటి బట్ట, పంటి కింద చుట్ట, కళ్లు చికిలించి చూసే చూపు. మాట తక్కువ, తుపాకీ చప్పుడు ఎక్కువ. ఈ కౌబాయ్ వీరుణ్ణి చూసి అమెరికా సినిమా అనుకున్నవారే ఎక్కువ. నిజానికి ఆ చిత్రాలు తీసింది ఇటలీవారు. తీసిన చోటు స్పెయిన్ దేశంలోని బీడు భూములు.

ఇటలీవారు ఇష్టంగా తినే సేమ్యా వంటి వంటకం స్పఘెట్టి. ఆ పేరు తగిలించి 'స్పఘెట్టి వెస్టర్న్' అని మొదట్లో వెక్కిరించారు. ఆ వెక్కిరింపే చివరకు బిరుదయింది.

1964లో సెర్జియో లియోనీ 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది సుమారు 2 లక్షల డాలర్లు. పేరున్న తారలకు అది చాలదు. అందుకని టెలివిజన్‌లో నటిస్తున్న క్లింట్ ఈస్ట్‌వుడ్‌ను 15 వేల డాలర్లకు కుదుర్చుకున్నారు.

సగం ఫిల్ముతోనే...

ముడి ఫిల్ము ఖరీదు. 'టెక్నిస్కోప్' పద్ధతిలో ఒక్కో బొమ్మకు సగం ఫిల్మే సరిపోతుంది, అయినా తెర నిండా వెడల్పుగా కనిపిస్తుంది. షూటింగులో ఎవరి భాషలో వారు మాట్లాడేవారు. మాటలు తర్వాత డబ్బింగులో కలిపేవారు. పెద్ద వాద్యబృందానికి డబ్బు లేకపోతే ఎన్నియో మోరికోనె ఈల, కొరడా దెబ్బ, గంట, ఎలక్ట్రిక్ గిటార్లతోనే సంగీతం కట్టారు. లోకమంతా ఆ ఈలే పాడుకుంది.

వానలు ఎరుగని అల్మేరియా ప్రాంతంలో చుట్టుపక్కల ఊళ్లవారికి చిన్న వేషాలు దొరికాయి. అప్పటి సెట్లలో కొన్నిటిని నేటికీ యాత్రికులు టికెట్టు కొని చూస్తారు.

అన్నీ సవ్యంగా సాగలేదు. మొదటి చిత్రం కథ జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'యొజింబో'ది. అనుమతి తీసుకోనందుకు వసూళ్లలో 15 శాతం సమర్పించుకోవలసి వచ్చింది. 1966లో 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' తీసేటప్పుడు కెమెరాలు తిరగక ముందే పొరపాటున వంతెన పేలిపోయింది. స్పెయిన్ సైనికులు మళ్లీ కడితేగాని ఆ దృశ్యం పూర్తికాలేదు.

ఎడారిలో తెలుగు గుర్రం

ఆ గాలి తెలుగునాటికీ వీచింది. 1971లో హీరో కృష్ణ సొంత సంస్థ పద్మాలయా 'మోసగాళ్లకు మోసగాడు' తీసింది. రచన ఆరుద్ర, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. తెలుగు ప్రేక్షకుడు కౌబాయ్‌ని ఒప్పుకుంటాడా అన్న సందేహాల మధ్యనే బృందం రాజస్థాన్ ఎడారికి తరలింది. చిత్రం ఘన విజయం సాధించింది. కృష్ణ 2022లో కన్నుమూశారు. 2023 మే 31న, ఆయన జయంతి నాడు, ఆ చిత్రం మళ్లీ థియేటర్లకు వచ్చింది.

ఈ చిత్రాల్లో హీరో దేవుడు కాడు. డబ్బు కోసమే బయలుదేరతాడు, దెబ్బలు తింటాడు, బలవంతుణ్ణి తెలివితో గెలుస్తాడు. రెక్కాడితేగాని డొక్కాడని ప్రేక్షకుడికి ఆ వీరుడు తనవాడనిపించాడంటే వింతేముంది?