రాయి ఎవరి ఖాతాలో?

హైదరాబాద్‌లో ఇల్లు కట్టించినవాళ్లకి ఈ చప్పుడు తెలుసు. పైన రెండడుగుల మొరం, దాని కింద గ్రానైటు. మా ప్లాటులో నాలుగో గుంట తవ్వుతుంటే గడ్డపార ఖంగుమంది. పాలమూరు మేస్త్రీ గట్టు మీద కూర్చుని నింపాదిగా బీడీ వెలిగించాడు. "సార్, మనం మాట్లాడుకున్నది మట్టికే గద" అన్నాడు.

వంద రూపాయల స్టాంపు కాగితం తీసి చదివాం. చదరపు అడుగుకి ఎంత, ఏ సిమెంటు, ఏ ఇనుము, స్లాబు వేసిన రోజు ఎంత ఇవ్వాలి, అన్నీ ఉన్నాయి. గృహప్రవేశానికి మేస్త్రీకి పెట్టాల్సిన బట్టలు కూడా ఉన్నాయి. రాయి మాత్రం లేదు. బ్రేకర్ పెట్టి మూడు రోజులు కొట్టించాం. ఖర్చు చెరి సగం. ఎందుకు సగమో ఇద్దరికీ తెలియదు. గొంతు నొప్పి పుట్టి అక్కడ ఆగాం, అంతే.

ప్రామాణిక కాంట్రాక్టు ఫారాలన్నవి ఇలాంటి తగవుకి ముందే రాసిపెట్టుకున్న జవాబులు. వాటిలో ప్రపంచమంతా తిరిగేవి ఫిడిక్ వాళ్లవి. ఫిడిక్ అంటే కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య. అది 1913లో బెల్జియంలోని ఘెంట్‌లో పుట్టింది, ఇప్పుడు జెనీవాలో ఉంటోంది. బ్రిటిష్ సివిల్ ఇంజనీర్ల ఫారాన్ని ఆధారం చేసుకుని 1957లో మొదటి పుస్తకం వేసింది. అట్ట ఎర్రగా ఉంది కాబట్టి రెడ్ బుక్ అన్నారు. 1999లో మొత్తం తిరగరాసి ఎరుపు, పసుపు, వెండి, ఆకుపచ్చ రంగుల్లో తెచ్చారు. యజమాని తరఫున డిజైన్ చేసి ఇస్తే ఎరుపు. డిజైన్ కూడా కాంట్రాక్టరే చేస్తే పసుపు. అంతా అతని నెత్తినే పెట్టి తాళంచెవి మాత్రం పుచ్చుకుంటానంటే వెండి. చిన్న పనులకి ఆకుపచ్చ. రంగు మారితే రాయి ఖాతా కూడా మారుతుంది.

రెడ్ బుక్‌లో 4.12 క్లాజు ఉంది. నేల లోపల ఊహించలేని పరిస్థితి ఎదురైతే కాంట్రాక్టరుకి అదనపు గడువు, అదనపు ఖర్చు ఇవ్వాలంటుంది. వాతావరణాన్ని మాత్రం అందులోంచి తీసేసింది. అసాధారణమైన వాన పడితే వేరే క్లాజు కింద గడువు వస్తుంది, డబ్బు రాదు. కిటుకంతా "ఊహించలేని" అన్న మాటలో ఉంది. అనుభవమున్న కాంట్రాక్టరు టెండరు దశలో ఊహించి ఉండగలడా లేదా అన్నది కొలత. బంజారాహిల్స్‌లో రాయి తగిలిందని ఈ క్లాజు పట్టుకొస్తే, చుట్టూ బండలు కనబడలేదా నాయనా అంటారు. అదే కోనసీమలో కొబ్బరితోట మధ్య గ్రానైటు తగిలిందనుకోండి, కాంట్రాక్టరు ధీమాగా రావచ్చు. క్లాజు మారలేదు, ఊరు మారింది.

అక్కడితో అయిపోలేదు. సంగతి తెలిసిన 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వకపోతే క్లెయిము పోయినట్టే అని 20వ క్లాజు అంటుంది. సైటులో ఫోన్లో చెప్పాం, వాట్సాప్‌లో ఫొటో పెట్టాం అనుకుని ఊరుకున్నవాళ్లు చాలామంది ఇక్కడే జారిపడతారు. మన దేశంలో ఈ గడువు చెల్లుతుందా అని వకీళ్లు వాదించుకుంటూనే ఉన్నారు. ఫలానా గడువు దాటితే హక్కే పోతుందని రాసుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టంలో 1997 సవరణతో చేర్చారు. అది చేర్చింది 28వ సెక్షన్లో. 28 రోజులకి అడ్డుపడేది 28వ సెక్షనే కావడం కాకతాళీయం.

మన ప్రభుత్వ శాఖల ఐటమ్ రేటు పద్ధతిలో రాయి గురించి ఇంత తత్వచర్చ ఉండదు. మెత్త నేలకి ఒక రేటు, గట్టి నేలకి ఒకటి, మెత్త రాయికి ఒకటి, పేల్చాల్సిన గట్టి రాయికి ఇంకొకటి. ఎంత వస్తే అంత కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కిస్తారు. అందులో అంకె తప్పు పడితే దిద్దకూడదు, కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. పుస్తకం అంత కట్టుదిట్టంగా ఉంటుంది. తగవు కొలతలో కాదు, కొలిచినది ఏ రకమన్న దాంట్లో. తవ్వేటప్పుడు మెత్తగా ఉన్న రాయి బిల్లు రాసే వేళకి గట్టిపడటం భూగర్భ శాస్త్రానికి ఇంకా అందని విషయం.

సిల్వర్ బుక్ సంగతి వేరు. కష్టాలన్నీ ముందే ఊహించి ధర చెప్పానని అందులో కాంట్రాక్టరు ఒప్పుకుంటాడు. యజమానికి నిశ్చింతగా కనిపిస్తుంది. కానీ ఆ నిశ్చింత ఉచితం కాదు. రాయి ఉంటుందేమోనన్న భయానికి కాంట్రాక్టరు ధరలో ముందే కొంత కలుపుకుంటాడు. రాయి రాకపోతే ఆ డబ్బు అతనిది. కలుపుకోకుండా పోటీలో తక్కువకి వేసినవాడైతే రాయి తగిలిన రోజు పని ఆపేస్తాడు.

ఆ పుస్తకం మొదట్లోనే ఒక సూచన ఉంది. టెండరు వేసేవాళ్లు చూడలేని చోట, నేల అడుగున ఎక్కువ పని ఉన్నప్పుడు ఈ ఫారం పనికిరాదని అచ్చు వేసినవాళ్లే చెప్పుకున్నారు. నన్నడిగితే పుస్తకం మొత్తంలో విలువైన పేజీ అదే. క్లాజు నంబర్లు నోటికి చెప్పేవాళ్లు కూడా దాన్ని తిప్పేసి లోపలికి పోతారు. 2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జలయజ్ఞం సాగునీటి ప్రాజెక్టుల పనులు చాలావరకు, డిజైన్‌తో సహా అంతా కాంట్రాక్టరే చూసుకునే ఈపీసీ పద్ధతిలో ఇచ్చారు. కాలువలే కాదు, సొరంగాలూ ఇచ్చారు. ఆ ఒప్పందాలు ఫిడిక్ పుస్తకం చూసి రాసుకున్నవని కాదు, ఆలోచన మాత్రం సిల్వర్ బుక్ తరహాదే.

సొరంగాల కోసం 2019లో ఫిడిక్, అంతర్జాతీయ సొరంగాల సంఘం కలిసి ఎమరాల్డ్ బుక్ తెచ్చాయి. ఇందులో యజమాని ముందుగానే కాగితం మీద పెడతాడు: ఈ మేరకు ఇలాంటి రాయి, ఈ మేరకు నీరు ఉంటాయని అనుకుందాం అని. ఆ గీత లోపల జరిగేది కాంట్రాక్టరు చూసుకోవాలి, గీత దాటితే యజమాని భరించాలి. నేల అనుకున్నదానికంటే మంచిగా ఉంటే గడువు తగ్గుతుంది కూడా. నేల గురించి అబద్ధమాడాల్సిన అవసరం ఇద్దరికీ కొంత తగ్గుతుంది.

ఈ పుస్తకాల్లో చాలావాటికి రెండు భాగాలు. సాధారణ షరతులు అచ్చులో ఉంటాయి, ప్రత్యేక షరతులు యజమాని రాసుకుంటాడు. ఈ రెండో భాగంలో "4.12 తొలగించడమైనది" అని ఒక్క ముక్క రాస్తే పైన చెప్పిన తూకమంతా పోతుంది. అట్ట మాత్రం ఎర్రగానే ఉంటుంది. ఈ బెడద పడలేకే ఫిడిక్ 2019లో అయిదు సూత్రాలు ప్రకటించింది. ప్రత్యేక షరతులతో మూల ఫారంలోని రిస్కు పంపకాన్ని మార్చకూడదన్నది వాటిలో ఒకటి. పాటించకపోతే అడిగేవాళ్లు ఎవరూ లేరు.

రెండేళ్ల తర్వాత అదే మేస్త్రీతో సంపు తవ్వించాను. ఈసారి కాగితం మీద రాయించాను: మట్టికి ఈ రేటు, బ్రేకర్ పెట్టాల్సివస్తే గంటకి ఇంత, ఖర్చు నాది, మొదలుపెట్టే ముందు నాకు చెప్పాలి. నాలుగడుగుల్లో రాయి తగిలింది. మేస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు, నేను సరేనన్నాను. సాయంత్రం వెళ్తే తొమ్మిది గంటలన్నాడు. ఎదురింటి వాచ్‌మన్ ఆరే అన్నాడు. గంటలు ఎవరు లెక్కపెట్టాలో రాయలేదు.