తమ్ముడి చెరువుకి పంపిన దినార్లు

శుక్రవారం పొద్దున్నే మనామా సెంట్రల్ మార్కెట్లో సాఫీ చేపలు బేరమాడుతుంటే ఫోన్ మోగింది. కైకలూరు నుంచి తమ్ముడు.

"అక్కా, చేపకి ఎర్ర మచ్చలొచ్చాయి. షాపాయన ఇమ్యూనిటీ పౌడర్ వాడమన్నాడు. కాస్త డబ్బు సర్దగలవా?"

ఆ చెరువులో అప్పటికే నా రెండేళ్ల పొదుపు ఉంది. ఇంకేమీ అడక్కుండా పంపేశాను. రెండు వారాల్లో శీలావతులు సగానికి పైగా చచ్చి తేలాయి. "పౌడర్ దొంగది" అన్నాడు వాడు. నేనూ అదే అనుకున్నాను. తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది, తప్పంతా పౌడర్‌ది కాదు.

చేపల మేతలో కలిపే ఈ సప్లిమెంట్లు ఉత్త మాయేమీ కాదు. మనలాగే చాలా చేపలు కూడా విటమిన్ సి ని ఒంట్లో తయారు చేసుకోలేవు. మేతలో అది లేకపోతే వెన్ను వంకరపోతుంది, పుండ్లు త్వరగా మానవు. ఇంకోటి బీటా గ్లూకాన్. మనం బ్రెడ్డుకి వాడే ఈస్ట్ పైపొర నుంచి తీస్తారు. దాన్ని చూడగానే చేప ఒంట్లోని రక్షక కణాలు ఏదో ఫంగస్ వచ్చిందనుకుని ముందే సిద్ధమవుతాయి. ప్రోబయోటిక్స్ మన పెరుగులాంటివి, పేగుల్లో మంచి బ్యాక్టీరియాని పెంచుతాయి. యూరప్‌లో పశువుల ఎదుగుదల కోసం మేతలో యాంటీబయోటిక్స్ కలపడాన్ని 2006లో పూర్తిగా ఆపేశారు. అప్పటి నుంచి ఇలాంటి వాటి మీద ఆసక్తి ఇంకా పెరిగింది.

మరి మా చెరువులో ఎందుకు పనిచేయలేదు? మూడు కారణాలు కనిపించాయి.

ఒకటి, ఆలస్యం. ఇవి జబ్బు రాకముందు వాడాల్సినవి, వచ్చాక తగ్గించే మందులు కావు. పైగా జబ్బు చేసిన చేప ముందు మేత మానేస్తుంది. తిననిది ఒంటికెలా పడుతుంది?

రెండు, కలిపిన పద్ధతి. మన వైపు తవుడూ చెక్కా చిల్లుల సంచుల్లో పోసి కర్రలకి కట్టి నీళ్లలో దింపుతారు కదా. పొడి తవుడులో కలిపిన విటమిన్ సి చేప నోట్లోకి వెళ్లేలోపే చాలావరకు నీళ్లలో కరిగిపోతుంది. పెల్లెట్ మేతకి నూనెతో పట్టించి, నీడన ఆరబెట్టి వేస్తే కొంత నిలుస్తుంది.

మూడోది అసలు కారణం, నీరు. ఇక్కడ బహ్రెయిన్లో రాస్ హయాన్ దగ్గర నేషనల్ మారికల్చర్ సెంటర్ ఉంది. హమూర్, సోబైటీ లాంటి చేపపిల్లల్ని పెంచుతారు. వేసవిలో ఈ సముద్రపు నీరు 30 డిగ్రీలు దాటిపోతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఊపిరాడక అల్లాడే చేపకి రోగంతో పోరాడే ఓపిక ఎక్కడిది? మా చెరువులోనూ మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవట. "మామూలేలే" అని వదిలేశారు. చేప ఎక్కువ వేశారు, అడుగున మేత కుళ్లింది. ఆ నీళ్లలో ఏ పౌడరైనా ఏం చేస్తుంది?

జలుబు చేయకూడదని పిల్లలకి విటమిన్ గమ్మీలు కొనిపెట్టి, రాత్రి పన్నెండు దాకా నిద్రపోకపోయినా ఊరుకుంటాం చూడండి, అలాంటిదే ఇదీ.

ఈసారి మళ్లీ డబ్బు పంపాను, కానీ ఏరేటర్‌కి. చేపపిల్లల్ని తగ్గించి వేయించాను. బీటా గ్లూకాన్ కూడా ఉంది, చలి మొదలయ్యే ముందు కొన్ని వారాలు మాత్రమే. ఏడాది పొడుగునా పెడితే దాని ప్రభావం తగ్గొచ్చట.

మనలో చాలామంది పుట్టింటి చెరువులకి డబ్బు పంపేవాళ్లమే. ఈసారి ఫోనొస్తే, పంపేముందు మూడు మాటలు అడగండి. నీళ్లు పరీక్ష చేయించారా? చేప మేత తింటోందా? డబ్బా మీద ఏముందో, ఎంత ఉందో రాసుందా?

మా తమ్ముడు మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున ఆక్సిజన్ రీడింగ్ ఫొటో తీసి పంపుతున్నాడు. ఇక్కడ నేను లేవగానే ముందు చూసేది అదే.