కంఠముపై పడిన చేయి

ఇట్టి విషయమును కుటుంబ పత్రికలో వ్రాయవచ్చునా యని కొందఱు సోదరీమణులు సంశయింపవచ్చును. వ్రాయకుండుటవలననే ప్రాణములు పోవుచున్నవని మా యభిప్రాయము. స్త్రీపై బలాత్కారము జరుపునపుడు ఆమె నోరు మూయించుటకో, బెదరించుటకో దుర్మార్గుడు గొంతు నులుముట అరుదు కాదు. ప్రాణముతో బయటపడిన పిమ్మట ఆమెయు, ఆమె వారును తక్కిన దౌర్జన్యమునే తలచి దుఃఖింతురు. గొంతు మాట మఱచిపోవుదురు. “మెడమీద గుర్తైనను లేదు గదా” యందురు. ఈ మాటయే మిక్కిలి యపాయకరమైనది.

మెదడునకు రక్తమును గొనిపోవు ధమనులును, దానిని తిరిగి గుండెకు జేర్చు సిరలును, ఊపిరి యాడు నాళమును మెడలో చర్మమునకు చేరువనే యున్నవి. గుండెకు ప్రక్కటెముకల బోను గలదు. వీనికట్టి రక్షణ లేదు. ఊపిరి యాగిననే ప్రమాదమని జనులు తలతురు గాని, అంతకుముందే రక్తప్రసారము నిలిచిపోవచ్చును. పది పదునైదు సెకండ్లలోనే స్పృహ తప్పవచ్చును. కొద్ది నిమిషము లట్లే గడచినచో ప్రాణము నిలువదు. నిలిచినను మెదడు చెడును.

బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా నుండిన అరుణా షాన్‌బాగ్ కథ చాలమంది యెఱిగినదే. 1973 నవంబరు 27వ తేదీన అచటి వార్డు సేవకు డొకడు కుక్కగొలుసును ఆమె మెడకు బిగించి యత్యాచారము చేసెను. మఱునాటి యుదయముగాని ఆమె యెవరికంటను బడలేదు. చుట్టును వైద్యులుండియు, రాత్రియంతయు వైద్యము లేకపోయెను! మెదడునకు ప్రాణవాయు వందకపోవుటచే చూపును, మాటయు, ఎఱుకయు పోయి, 2015 మే 18న కన్నుమూయువఱకు, ఇంచుమించు 42 సంవత్సరములు, ఆమె యా యాసుపత్రి మంచముననే యుండెను. తోడి నర్సులు తరము వెంట తరము ఆమెను కన్నబిడ్డవలె సాకిరి. నేరస్థునకు దాడికిని దోపిడికిని ఏడేండ్ల శిక్ష పడెను. అత్యాచారమను నేర మతనిపై మోపబడనేలేదు. ఆమె పేరిట 2011లో సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పును గూర్చి దేశమంతయు చర్చించినది గాని, ఒక మెడబిగింపు మనుష్యుని నేమి చేయగలదో యెందఱు తలచిరి?

ఇంతటి ఘోరము జరుగనిచోట భయము లేదని యెంచరాదు. అమెరికాలోని శాండియాగో నగరమున భర్తలో సహచరులో గొంతు నులిమిన 300 కేసులను పరిశీలించి 2001లో ప్రకటించిన వ్యాసమునందు, సగముమందికి మెడపై కంటికి గనబడు గాయమే లేదని తేలెను. గాయము లోపల నుండును. ధమని లోపొర చీలి, అచట రక్తము గడ్డకట్టి, కొన్ని దినములకు, ఒక్కొకప్పుడు వారములకు, పక్షవాతము రావచ్చును. గొంతులోని వాపు గంటలు గడచిన కొలది పెరిగి ఊపిరి కడ్డుపడవచ్చును. గొంతు బొంగురుపోవుట, మ్రింగునపుడు నొప్పి, కన్నులలో ఎఱ్ఱని చుక్కలు, విడువని తలనొప్పి, తెలియకుండ మూత్రము పోవుట, ఇవి కనబడినచో ఉపేక్షింపరాదు. కనబడకున్నను డాక్టరునకు చూపవలసినదే. గర్భవతియైనచో మఱింత త్వరపడవలయును. జరిగినది వరుసగా చెప్పలేకున్నచో “మాట మార్చుచున్న”దని కొందఱు నిందింతురు. మెదడునకు రక్త మందని ఆ క్షణములు జ్ఞాపకమున నెట్లు నిలుచును?

ఈ పని కట్టుకొన్న భర్తయే చేసినను అపాయము తక్కువ కాదు, ఎక్కువ. గొంతు నులిమిన చరిత్రగల యిండ్లలో ఆ స్త్రీ పిమ్మట హత్యకు గురియగు నవకాశము ఏడు రెట్లకు పైబడునని 2008లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన తెల్పినది. “కోపములో చేయి వేసినాడు లెమ్మ”ని సర్దిచెప్పు పెద్దలు దీనిని చదువవలెనని మా కోరిక.

ఆసుపత్రికి పోయినపుడు “గొంతు నులిమినా”డని స్పష్టముగా చెప్పవలయును. చెప్పనిచో డాక్టరు మెడను చూడకపోవచ్చును. మెడ రక్తనాళములను చూపు సీటీ యాంజియోగ్రాము అవసరమా యని యడుగుటలో తప్పు లేదు. మెడకు నూనె రాచి మర్దనము చేయరాదు. పరీక్షకు ముందు స్నానము చేయకుండుట, ఆనాటి బట్టలు ఉతుకకుండుట మేలు. చేసినను పోవుట మానరాదు. గర్భము రాకుండుటకును, ఎయిడ్సు క్రిమి సోకకుండుటకును ఇచ్చు మందులు 72 గంటలలోపల, ఎంత త్వరగా నైన నంత మంచిది.

ప్రభుత్వాసుపత్రియైనను ప్రైవేటు ఆసుపత్రియైనను అత్యాచార బాధితురాలికి వెంటనే ఉచితముగా చికిత్స చేయవలయునని 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షను చెప్పుచున్నది. నిరాకరించిన వారికి శిక్ష గలదు. పోలీసులకు తెలుపుట ఆసుపత్రివారి విధి. ముందుగా పోలీసు కాగితము తెమ్మనరాదు. ఆమె సమ్మతి లేక సాక్ష్యమునకై పరీక్ష చేయరాదు. రెండు వ్రేళ్ళ పరీక్షను చేయరాదని 2022లో సుప్రీముకోర్టు మరల కఠినముగా చెప్పినది. అంబులెన్సునకు 108, స్త్రీల సహాయమునకు 181 నంబర్లున్నవి.

ఇంటికి వచ్చిన పిమ్మట రెండు మూడు దినములు ఆమెను ఒంటరిగా పరుండనీయరాదు. మాట తడబడినను, ముఖ మొకవైపు వంగినను, చేయి పట్టు తప్పినను, ఊపిరి యాడుట కష్టమైనను, అర్ధరాత్రియైనను మరల ఆసుపత్రికి గొనిపోవలయును.