మరులమాతంగి - దాని మంచి చెడ్డలు

తొలకరి వానలు పడిన కొలది దినములకే చెరువు శిఖములు, వాగు ఒడ్డులు పచ్చబడును. అప్పటికి మేత గడ్డి ఇంకను ఎదిగి ఉండదు. వేసవి అంతయు ఎండు మేతతో గడిపిన పశువులు ఆ పచ్చదనము చూచి ఆశగా పోవును. అందులో మరులమాతంగి మొలకలు ఉన్నచో ఆ మేతయే వాని ప్రాణము తీయవచ్చును. దీని కాయలు బట్టలకు అంటుకొనునని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతులందరు ఎరుగుదురు. కాయకంటె మొలక ప్రమాదకరమైనదను సంగతి కూడ ప్రతి రైతు, ప్రతి పశువుల కాపరి తెలిసికొనవలెను.

గుర్తించుట ఎట్లు?

ఇది పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందిన ఏకవార్షిక మొక్క. వయ్యారిభామయు ఈ కుటుంబములోనిదే. శాస్త్రజ్ఞులు దీనిని జాంథియం స్ట్రుమేరియం అందురు. సాధారణముగా రెండు మొదలు నాలుగు అడుగుల ఎత్తు పెరుగును. కాండము గరుకుగా నుండి, దానిపై ఊదా రంగు మచ్చలుండును. ఆకులు వెడల్పుగా, ఇంచుమించు త్రికోణాకారముగా, అంచున పండ్లు కలిగి, చేతికి గరుకుగా తగులును. కాయ అర అంగుళము మొదలు ముప్పాతిక అంగుళము పొడవుండును. కాయనిండ కొక్కెముల వంటి ముండ్లు, కొనయందు రెండు కొమ్ములు ఉండును.

దీనిని పల్లేరుగా పొరబడరాదు. పల్లేరు నేలపై పాకును, ఆకులు చిన్నవి, దాని కాయ ముండ్లు గట్టిగా గుచ్చుకొనునే గాని కొక్కెములు కావు.

మొలకను గుర్తించుటయే ముఖ్యము. మొట్టమొదట వచ్చు రెండు బీజదళములు సన్నగా, పొడవుగా, దళసరిగా, నునుపుగా ఉండును. తరువాత వచ్చు గరుకు ఆకులకును వీనికిని పోలిక ఉండదు. అనుమానము కలిగినచో మొలకను వేరుతో మెల్లగా పెకలించి చూడవలెను. పలుమార్లు పాత ముండ్ల కాయ వేరు మొదట అంటుకొనియే ఉండును. అంతకంటె రుజువు అక్కరలేదు.

ఎక్కడ పెరుగును?

నీరు నిలిచి తీసిన నేల దీనికి మిక్కిలి ఇష్టము. చెరువు శిఖములు, కాలువ గట్లు, మానేరు వంటి ఏరుల ఒడ్డులు, పడావు భూములు, పెంటకుప్పల పరిసరములు, బాటల పక్కలు దీని తావులు. కాయ నీటిపై తేలుచు పోవును. గొర్రె ఉన్నిలో, పశువుల తోకలో, మనిషి ధోవతిలో చిక్కుకొని ఊరూరు తిరుగును. 2015లో మిషన్ కాకతీయ మొదలైన పిమ్మట చెరువుల పూడిక మట్టిని చేలకు విస్తారముగా తోలిరి. పూడిక మట్టి నేలకు బలము. అయితే కాయలు రాలిన చోటి పైమట్టిని తోలినచో కలుపును కూడ చేనికి తోలుకొన్నట్లే. అట్టి మట్టి వేసిన చేనిని తొలి వానల తరువాత తప్పక పరిశీలించవలెను.

పశువులకు ముప్పు

ఈ మొక్క విత్తనములోను, బీజదళములలోను కార్బాక్సీ అట్రాక్టిలోసైడ్ అను విషము కలదు. అసలు ఆకులు వచ్చిన కొలది విషము వేగముగా తగ్గును. ముదిరిన మొక్కను గరుకుదనము వలన పశువులు అంతగా ముట్టవు. కావున ప్రమాదమంతయు మొలక దశయందే. పశువు శరీరపు బరువులో నూటికి ముప్పాతిక వంతు మొదలు మూడు వంతుల వరకు మొలకలు తిన్నను ప్రాణాపాయమని పశువైద్య గ్రంథములు చెప్పుచున్నవి. అనగా 40 కిలోల దూడకు 300 గ్రాములే చాలవచ్చును.

తిన్న కొన్ని గంటల నుండి ఒకటి రెండు దినములలోపల పశువు మేత మాని, నీరసించి, తూలుచు నడచును. పిమ్మట పడిపోయి కాళ్ళు కొట్టుకొనును. కాలేయము దెబ్బతినును, రక్తములోని చక్కెర పడిపోవును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. మందను వెంటనే ఆ తావునుండి మళ్ళించి, జబ్బుపడిన పశువును తరుమక, నీడన ఉంచి, పశువైద్యునికి కబురు చేయవలెను. తిన్న మొలకను కూడ చూపినచో ఆయనకు సులువగును.

మనుష్యులకును తప్పదు

2007లో బంగ్లాదేశములోని సిల్హెట్ ప్రాంతమున వరదల పిమ్మట తిండి కొరత ఏర్పడినది. అచ్చటి బీదలు ఈ మొలకలను ఆకుకూరగా వండుకొని తినిరి. 76 మంది జబ్బుపడగా వారిలో 19 మంది మరణించిరి. వండినంత మాత్రమున విషము పోదని ఇందువలన తెలియుచున్నది. పొలము గట్లపై కూర ఏరు స్త్రీలకు, పిల్లలకు ఈ మొలకను చూపించి చెప్పుట మన విధి.

ఉన్నికి నష్టము

మరులుగొన్నట్లు అంటుకొను ఈ కాయ గొర్రె ఉన్నిలో చిక్కినచో తీయుట బహు కష్టము. గొంగళ్ళకు వాడు ఉన్నిలో కాయలున్నచో ఏరుటకు పొద్దు పోవును, ఉన్ని తెగును, ధర తగ్గును. కాయలు ముదిరిన తావులకు ఉన్ని గొర్రెలను తోలకుండుటయే మేలు.

ఉపయోగములు

ఆకులనుండి పసుపు వన్నె రంగు తీయుట కలదు. గింజలలో నూనె కలదు. చీనా వైద్యులు కాయలను వేయించి ముక్కు దిబ్బడకు వాడుదురు. వేయించుటవలన విషము కొంత తగ్గును. అయినను మోతాదు మించినచో కాలేయమునకు హాని. కావున ఇంటి వైద్యముగా ఎవరును దీనిని వాడరాదు. రైతుకు నిజముగా అక్కరకు వచ్చు ఉపయోగము ఒక్కటే: పూతకు ముందు పెకలించిన మొక్క కంపోస్టు గుంతకు మంచి పచ్చి సరుకు. కాయ పట్టిన మొక్కను మాత్రము గుంతలో వేయరాదు. వేసినచో పెంటతోపాటు విత్తనము చేనంతట చల్లినట్లగును.

నిర్మూలనము

ప్రతి కాయలోను రెండు గింజలుండును. ఒకటి ముందు మొలచును. రెండవది తరువాత, పలుమార్లు మరుసటి యేడు మొలచును. ఒక యేడు పీకి ఊరకుండినచో కలుపు మరల వచ్చుటకు కారణమిదే. కావున వరుసగా కొన్ని యేండ్లు ఈ పనులు చేయవలెను:

1. తొలకరి తరువాత మొలకలు కనబడిన తావులకు ఆకలిగొన్న పశువులను తోలరాదు. ముందు ఇంటివద్ద కొంత మేత వేసి పిమ్మట బయటికి విడువవలెను.

2. మొక్కజొన్న, పత్తి సాళ్ళలో మొలక దశయందే గుంటుక తోలవలెను. మిగిలినవానిని నేల తడిగా నున్నపుడు చేతితో పీకవలెను.

3. పూతకు ముందే పెకలించవలెను. ఆలస్యముగా మొలచిన మొక్క పొట్టిగా నున్నను పూయును గనుక ఎత్తు పెరుగువరకు ఆగరాదు.

4. కాయ పట్టినవానిని కోసి, ఒకచోట పోగుచేసి కాల్చవలెను.

5. మొక్కజొన్నలో 2,4-డి మందు వెడల్పాకు కలుపును అణచును. కాని ప్రక్క చేనిలో పత్తి ఉన్నచో దీనిని చల్లరాదు. గాలికి కొట్టుకొనివచ్చు తుంపరయే పత్తిని చెరుచును. మోతాదును వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి తెలిసికొనవలెను.

ఒక్క రైతు తన చేను శుభ్రము చేసికొన్నను, చెరువు శిఖములో కాయలున్నంతకాలము నీటితో, మందతో అవి తిరిగి వచ్చును. శిఖము ఊరందరిది. కావున పంచాయతీ పెద్దలు, గ్రామాధికారులు, గొర్రెల కాపరులు కలిసి ఏటేట పూతకు ముందు ఒక దినము నిర్ణయించి శిఖములను, కాలువ గట్లను శుభ్రము చేయించవలెను. ఆ ఒక్క దినపు శ్రమ దూడల ప్రాణములను, ఉన్ని ధరను, మరుసటి యేటి కలుపు కూలిని కాపాడును.