డ్రిల్ బిట్

డ్రిల్ బిట్ అనగా కలప, లోహము మొదలగు వాటిలో గుండ్రని రంధ్రము చేయుటకు వాడు పనిముట్టు. దీనిని డ్రిల్లింగు యంత్రపు చక్‌లో బిగించి త్రిప్పుతారు. విద్యుత్తు రాకముందు వడ్రంగులు త్రాడుతో త్రిప్పే బరమాను వాడేవారు. నేడు ఎక్కువగా కనిపించే మెలిగాడుల బిట్‌కు అమెరికాకు చెందిన స్టీఫెన్ మోర్స్ 1863లో పేటెంటు పొందాడు.

గోదావరి డెల్టాలో

కోరంగి, తాళ్ళరేవు, నరసాపురం ప్రాంతములు కొయ్య ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి చెందినవి. ఓడ పనిలో రంధ్రము కొలత చాలా ముఖ్యము. అది మేకు కంటె పెద్దదైతే పట్టు తప్పి నీరు లోనికి వచ్చును. మరీ చిన్నదైతే పలక చీలును.

డెల్టా ఇండ్లలో వాడే తాటి, కొబ్బరి దూలములకు వెలుపలి భాగము గట్టిగా, లోపలి భాగము మెత్తగా ఉంటుంది. అందుచేత పైపొర దాటగానే బిట్ ఒక్కసారిగా లోనికి దూసుకుపోవచ్చును. ఆ దశలో ఒత్తిడి తగ్గించవలెను.

కలప బిట్లు

వీటికి మధ్యలో సన్నని మొన, అంచులలో నారను కోసే పళ్ళు ఉంటాయి. మొన బిట్‌ను ప్రక్కకు జారనీయదు. పెద్ద రంధ్రములకు చదునైన బిట్, లోతైన వాటికి మరమొన గల ఆగర్ బిట్ అనుకూలము. పలక అడుగున పనికిరాని చెక్క ఉంచితే రెండవ వైపు అంచు చిట్లదు.

లోహపు బిట్లు

వీటిని హైస్పీడ్ స్టీలుతో చేస్తారు. సాధారణ పనికి మొన కోణము 118 డిగ్రీలు, గట్టి లోహములకు 135 డిగ్రీలు ఉంటుంది. ముందుగా సెంటర్ పంచ్‌తో గుంట పెట్టనిచో బిట్ జారిపోవును. ఉక్కుకు నూనె, అల్యూమినియమునకు కిరోసిన్ వాడవచ్చును. పోత ఇనుమును పొడిగానే తొలుస్తారు. సిమెంటు గోడలకు వాడే కార్బైడ్ మొన బిట్ లోహమునకు, కలపకు తగదు.

వేగము

బిట్ వ్యాసము పెరిగేకొద్దీ వేగము తగ్గవలెను. మైల్డ్ స్టీలుకు అంచు వేగము నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, 5 మి.మీ. బిట్ నిమిషానికి సుమారు 1600 చుట్లు, 10 మి.మీ. బిట్ సుమారు 800 చుట్లు తిరగవలెను. స్టెయిన్‌లెస్ స్టీలును ఇంకా నెమ్మదిగా, ఆగకుండా తొలవవలెను. బిట్ కోయక రాసుకుంటూ తిరిగితే ఆ లోహము మరింత గట్టిపడును.

జాగ్రత్తలు

లోహపు రేకును చేతితో పట్టుకొనరాదు. బిట్ అవతలి వైపుకు వెలువడునపుడు చిక్కుకొని రేకును గిరగిర త్రిప్పగలదు. కనుక దానిని బల్లకు బిగించవలెను. కళ్ళద్దములు ధరించవలెను. తిరిగే బిట్ దగ్గర చేతి తొడుగులు, వ్రేలాడే పైపంచె, కొంగు, విరబోసిన జుట్టు ప్రమాదకరము. చూరను చేతితో గాక కుంచెతో తీయవలెను. పొగ, కీచుమను శబ్దము మొన మొద్దుబారిందనుటకు గుర్తులు. అప్పుడు బలము పెంచుటకు బదులు బిట్‌ను సానపట్టవలెను.