రక్తం ఒకటే, వరసలే వేరు

పరాయి గడ్డపై పెరిగి పూర్వీకుల దేశానికి చేరుకుంటున్న కొరియన్లకు దక్షిణ కొరియాలో దొరికే ఆదరణ వారు ఏ దేశం నుంచి వచ్చారన్న దాన్ని బట్టే ఉంటోంది

సియోల్ మెట్రో రెండో లైన్‌లోని దేరిమ్ స్టేషన్ 12వ ద్వారం నుంచి బయటికొస్తే మరో దేశంలో కాలుపెట్టినట్లుంటుంది. ఎటు చూసినా చైనా లిపిలో రాసిన బోర్డులు. జీలకర్ర, మిరప్పొడి దట్టించి నిప్పుల మీద కాల్చే మటన్ ముక్కల ఘాటు. డబ్బు పంపించే ఏజెన్సీలు, విమాన టికెట్ల దుకాణాలు. పనివాళ్లు కావాలంటూ అంటించిన కాగితాలు. అయితే ఈ వీధుల్లో కనిపించే చాలామంది తాతముత్తాతలు కొరియా ద్వీపకల్పం నుంచి వలసపోయినవారే. వీరిలో చాలామంది ఇంట్లో మాట్లాడే భాషా కొరియనే. జోసోన్‌జోక్ అని పిలిచే వీరిని చైనాలో కొరియన్లుగా లెక్కగడతారు. కొరియాకు వస్తే మాత్రం చైనావాళ్లంటారు.

ఇది ఒక్క జోసోన్‌జోక్‌ల కథే కాదు. విదేశాల్లో ఉంటున్న కొరియన్లు, కొరియన్ సంతతివారు దాదాపు 70 లక్షల మంది ఉంటారని దక్షిణ కొరియా ప్రభుత్వ లెక్క. 19వ శతాబ్దం చివర్లో కరవుకు తాళలేక కొందరు మంచూరియాకు, మరికొందరు రష్యా తూర్పు తీరానికి వెళ్లారు. 1910 నుంచి 1945 దాకా సాగిన జపాన్ పాలనలో లక్షలాది మంది కూలికోసం జపాన్ చేరారు. 1965లో అమెరికా వలస చట్టం సడలిన తర్వాత చదువుకున్నవారు అక్కడికి కదిలారు. కొరియా యుద్ధం తర్వాత పసిపిల్లలు దత్తత పేరుతో యూరప్, అమెరికా ఇళ్లకు చేరారు. ఇప్పుడు వారి పిల్లలు, మనవలు, ముని మనవలు వెనక్కి వస్తున్నారు. 'ఒకే రక్తం' అని గర్వంగా చెప్పుకునే దేశం మాత్రం వారందరినీ ఒకే గుమ్మంలోంచి లోపలికి రానివ్వడం లేదు.

చట్టం గీసిన గీత

తేడాకు చట్టబద్ధత దొరికింది 1999లో. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ఆర్థిక సంక్షోభంతో దేశం కుదేలైంది. విదేశాల్లోని సొంతవాళ్ల పెట్టుబడులు, నైపుణ్యం అవసరమయ్యాయి. అందుకే విదేశీ కొరియన్ల చట్టం తెచ్చారు. దాని కింద వీసా పొందినవారు దేశంలో దీర్ఘకాలం ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఆస్తులు కొనుక్కోవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. 1948లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఏర్పడిన తర్వాత వలస వెళ్లినవారికే ఇది వర్తిస్తుందన్నారు. అంటే అమెరికా, కెనడాలకు వెళ్లినవారు చుట్టాలు. అంతకుముందే చైనాకు, రష్యాకు వెళ్లినవారి సంతానం పరాయివాళ్లు. చౌకగా పనిచేసే కూలీలు వెల్లువెత్తుతారన్న భయం, తన దేశ పౌరుల మీద మరో దేశం హక్కు చాటుకోవడాన్ని బీజింగ్ సహించదన్న జంకు దీనికి కారణం.

దీన్ని జోసోన్‌జోక్‌లు కోర్టుకు లాగారు. 2001 నవంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఈ తేడా సమానత్వ సూత్రానికి విరుద్ధమని తేల్చి, చట్టాన్ని సవరించాలని ఆదేశించింది. 2003లో సియోల్ చర్చిల్లో జోసోన్‌జోక్‌లు నిరాహార దీక్షలకు దిగారు. ఎట్టకేలకు 2004లో సవరణ వచ్చింది. కాగితం మీద అందరూ సమానమయ్యారు.

ఆచరణలో గీత చెరిగిపోలేదు, జరిగిందంతే. చట్టం ఇచ్చే మేలైన వీసా మీద ఉన్నవారు శారీరక శ్రమ పనులు చేయరాదన్న నిబంధన పెట్టారు. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగికి దానివల్ల వచ్చే ఇబ్బందేమీ లేదు. హోటల్లో గిన్నెలు కడిగేందుకో, భవన నిర్మాణంలో ఇటుకలు మోసేందుకో వచ్చే యాన్‌బియన్ మహిళకూ పురుషుడికీ ఆ వీసా అక్కరకు రాలేదు. వారికోసం 2007లో మరో వీసా పెట్టారు. చైనా, పూర్వపు సోవియట్ దేశాల కొరియన్లు దానిమీద కొన్నేళ్లు నిర్దేశిత రంగాల్లో పనిచేసే వీలు కల్పించారు. అలా రక్తసంబంధమే రెండు వీసాలుగా చీలిపోయింది. పేద చుట్టం పెరటి గుమ్మంలోంచి రావాల్సి వచ్చింది.

ఆ గుమ్మంలోంచి వచ్చినవారే సియోల్ నగరం చేయడానికి ఇష్టపడని పనులు చేస్తున్నారు. జోసోన్‌జోక్‌ల సంఖ్య ఆరు లక్షలు దాటింది. ఆస్పత్రుల్లో వృద్ధ రోగుల పక్కన కూర్చునేవారు, హోటళ్లలో వడ్డించేవారు, ఇళ్లలో పిల్లల్ని చూసుకునేవారిలో వీరు ఎక్కువ. 1970లలో ఫ్యాక్టరీల్లో పనిచేసే కొరియన్ అమ్మాయిలు తలదాచుకున్న గారిబోంగ్‌లోని తేనెతుట్టె లాంటి ఇరుకు గదుల్లోకి తర్వాత వచ్చి చేరింది వీరే. సినిమాల్లో మాత్రం వీరు కత్తులు పట్టిన ముఠాలుగా కనిపిస్తారు. దేరిమ్‌ను నేరస్థుల అడ్డాగా చూపించారంటూ 2017లో 'మిడ్‌నైట్ రన్నర్స్' చిత్రానికి వ్యతిరేకంగా స్థానికులు నిరసనకు దిగారు.

నాలుగో తరం గోడు

కోర్యోయిన్‌ల చరిత్ర మరింత విషాదం. 1937లో స్టాలిన్ ప్రభుత్వం సోవియట్ తూర్పు తీరంలోని లక్షా 70 వేల మందికి పైగా కొరియన్లను గూడ్సు రైళ్లలో కుక్కి కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్‌లకు తరలించింది. దారిలోనూ, ఆ మొదటి చలికాలంలోనూ ఎందరో చనిపోయారు. క్యాబేజీ దొరకని చోట క్యారెట్‌తో పచ్చడి పట్టి వారు తమ రుచిని కాపాడుకున్నారు. భాషను కాపాడుకోవడం అంత తేలిక కాలేదు. రష్యన్ బడుల్లో చదివిన తర్వాతి తరాలకు తాతల మాట దూరమైంది.

ఇప్పుడు దక్షిణ కొరియాలో కోర్యోయిన్‌లు లక్ష దాటారు. గ్వాంగ్జులోని వోల్గోక్, అన్సాన్, ఇంచియాన్‌లలో వారి పేటలున్నాయి. రొట్టెల దుకాణాల మీద రష్యన్ అక్షరాలు కనిపిస్తాయి. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైనప్పుడు అక్కడి కోర్యోయిన్ కుటుంబాలకు విమాన టికెట్ల కోసం వోల్గోక్ వాసులు చందాలు పోగుచేశారు.

అయితే 2019 దాకా చట్టం మనవల తరం దగ్గరే ఆగిపోయేది. నాలుగో తరం వాళ్లు మైనారిటీ తీరేదాకానే తల్లిదండ్రులతో ఉండొచ్చు. ఆ తర్వాత విదేశీయుల కిందే లెక్క. కొరియా బడిలో చదివి, కొరియన్ స్నేహితులతో పెరిగిన కుర్రాడు స్కూలు చదువు ముగించే వయసులో, తనకు సరిగా గుర్తు కూడా లేని తాష్కెంట్‌కు ప్రయాణం కట్టాల్సి వచ్చేది. ఆందోళనల తర్వాత 2017లో తాత్కాలిక ఊరట ఇచ్చారు. 2019లో తరాల పరిమితి ఎత్తేశారు.

మాట తడబడితే తప్పే

అమెరికా నుంచి వచ్చే గ్యోపోలకు వీసా చిక్కులు తక్కువ. వారి చిక్కు నాలుకతో. కొరియన్‌లో ఎదుటి మనిషి వయసు, హోదాలను బట్టి క్రియాపదమే మారిపోతుంది. ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న మాటతో ఆఫీసులో పై అధికారిని పలకరిస్తే అపచారం. డల్లాస్‌లో పెరిగిన మనవడు ఊరికొచ్చి తాతయ్యను 'నువ్వు' అంటే తెలుగిళ్లలో నవ్వుకుని సరిపెట్టుకుంటారు. సియోల్ ఆఫీసులో ఆ సరదా ఉండదు. ఓ తెల్లజాతి మనిషి రెండు ముక్కలు కొరియన్ మాట్లాడితే చప్పట్లు కొడతారు. కొరియన్ ముఖంతో తడబడితే, నీకు మాతృభాష ఎందుకు రాదని నిలదీస్తారు. మొహం కలవడమే శాపమవుతుంది.

మగవారికి సైనిక సేవ మరో ముడి. విదేశాల్లో పుట్టినా, పుట్టుకతో కొరియా పౌరసత్వం కూడా వచ్చిన అబ్బాయి 18 ఏళ్లు నిండే సంవత్సరం మార్చి 31లోగా దాన్ని వదులుకోకపోతే, సైనిక బాధ్యత తేలేదాకా వదులుకోవడం కుదరదన్నది నిబంధన. తమకు ఆ పౌరసత్వం ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. దీన్ని 2020లో రాజ్యాంగ న్యాయస్థానం తప్పుబట్టగా 2022లో చట్టాన్ని సవరించి కొంత వెసులుబాటు కల్పించారు.

ఈ విషయంలో జనాగ్రహం ఎంతటిదో గాయకుడు యూ సుంగ్-జున్ ఉదంతం చెబుతుంది. సియోల్‌లో పుట్టి అమెరికాలో పెరిగి, 1990ల చివర్లో కొరియాలో తారగా వెలిగిన ఆయన సైన్యంలో చేరతానని మాటిచ్చి 2002లో అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. ఆ ఏడాదే విమానాశ్రయం నుంచి వెనక్కి పంపేశారు. 2020, 2023లలో సుప్రీంకోర్టులో గెలిచినా 2024లో మళ్లీ వీసా నిరాకరించారు.

జపాన్ కొరియన్లది అనుమానాల చరిత్ర. మాతృదేశంలో చదువుకోవాలన్న కోరికతో వచ్చిన యువకులను 1970లు, 80లలో సైనిక ప్రభుత్వాలు ఉత్తర కొరియా గూఢచారులంటూ జైళ్లకు పంపాయి. క్యోటోలో పుట్టి సియోల్‌లో పైచదువులకు వచ్చిన సో సుంగ్ 1971లో అరెస్టయి 19 ఏళ్లు జైల్లో గడిపారు. ఇలాంటి కేసుల్లో శిక్షపడిన పలువురిని 2010 తర్వాత జరిగిన పునర్విచారణల్లో కోర్టులు నిర్దోషులుగా ప్రకటించాయి. 2019లో ఒసాకా వెళ్లిన అధ్యక్షుడు మూన్ జే-ఇన్ బాధితులకు క్షమాపణ చెప్పారు.

క్రీడా మైదానంలోనూ ఆ గాయం కనిపిస్తుంది. ఒసాకాలో పుట్టిన జూడో క్రీడాకారుడు చూ సుంగ్-హున్ కొరియా జెర్సీ వేసుకోవాలన్న కలతో 1998లో బుసాన్ వచ్చారు. తనను బయటివాడిగానే చూస్తున్నారన్న అసంతృప్తితో వెనుదిరిగి 2001లో జపాన్ పౌరసత్వం తీసుకున్నారు. మరుసటేడు అదే బుసాన్‌లో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్లో కొరియా ఆటగాడిని ఓడించి జపాన్‌కు స్వర్ణం సాధించారు. దశాబ్దం తర్వాత టీవీ షోలో ముద్దుల కూతురి తండ్రిగా కనిపించినప్పుడు ఇదే కొరియా ఆయన్ను అక్కున చేర్చుకుంది.

కన్నవారి ఆచూకీ కోసం

ఈ తిరిగిరాకల్లో అన్నిటికంటే బరువైనది దత్తత పిల్లలది. 1985 ఒక్క ఏడాదిలోనే 8,800 మందికి పైగా పిల్లలను విదేశాలకు పంపారు. తల్లిదండ్రులు బతికే ఉన్నా అనాథలని రాసిన కాగితాలతో వెళ్లినవారు ఎందరో. పెద్దయ్యాక వచ్చి అడిగితే ఫైల్లో ఉన్న పేరు తమది కాదని తెలుస్తుంది. అమెరికాలో పెరిగి సియోల్ వచ్చి స్థిరపడిన రచయిత్రి జేన్ జోంగ్ ట్రెంకా వంటివారు ఒంటరి తల్లులతో కలిసి పోరాడటంతో దత్తత చట్టాన్ని 2011లో సవరించారు. అదే ఏడాది నుంచి దత్తతకు వెళ్లినవారు ఉన్న పౌరసత్వం వదులుకోకుండానే కొరియా పౌరసత్వాన్ని తిరిగి పొందే వీలు కలిగింది. 2025 మార్చిలో సత్య, సయోధ్య కమిషన్ ఈ దత్తతల్లో రికార్డుల తారుమారుతో సహా మానవ హక్కుల ఉల్లంఘనలు జరిగాయనీ, ప్రభుత్వమే దానికి బాధ్యత వహించాలనీ తేల్చింది. ఆ అక్టోబర్‌లో అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ క్షమాపణ చెప్పారు.

భారతీయులు దీన్ని కొరియా వింతగా కొట్టిపారేయలేరు. కొరియా చట్టం వచ్చిన 1999లోనే భారత్ కూడా పీఐఓ కార్డు తెచ్చింది. 2003లో విదేశీ భారతీయ పౌరసత్వానికి తొలిసారి చట్టం చేసినప్పుడు అది అమెరికా, బ్రిటన్ సహా 16 దేశాల్లోని వారికే పరిమితమైంది. చెరకు తోటల్లో పనికి ఓడలెక్కి మారిషస్, ఫిజీ వెళ్లిన తెలుగు కూలీల సంతతి ఆ జాబితాకు బయటే ఉండిపోయింది. 2005లో ఆ పరిమితి సడలించారు.

కొరియాకు ఇప్పుడు మరో తొందర వచ్చిపడింది. 2023లో ఒక్కో మహిళకు సగటు జననాల రేటు 0.72కు పడిపోయింది. జనం ఖాళీ అవుతున్న జెచోన్ వంటి చిన్న నగరాలు 2023 నుంచి కోర్యోయిన్ కుటుంబాలకు తాత్కాలిక వసతి, భాషా శిక్షణ ఇచ్చి మరీ పిలుస్తున్నాయి. విదేశీ కొరియన్ల కోసం అదే ఏడాది ఇంచియాన్‌లో ప్రత్యేక సంస్థ ఏర్పాటైంది. అవసరం ముంచుకొచ్చాక చుట్టరికం గుర్తొచ్చిందన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయినా వచ్చినవారు ఉండిపోవడానికే వస్తున్నారు. వారి పిల్లలు రష్యన్ యాసతోనో, చైనా యాసతోనో కొరియన్ పాఠాలు వల్లెవేస్తున్నారు. రేపు వారు ఉద్యోగానికి దరఖాస్తు చేసినప్పుడు, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, మీరు ఎక్కడివాళ్లన్న ప్రశ్న లేకుండా పని జరిగితే అప్పుడే 1999 నాటి గీత నిజంగా చెరిగినట్లు.