ఏడెన్ నుండి అందిన పాఠం

మన పత్రికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగినప్పుడల్లా రక్తపోటు గూర్చో, మధుమేహం గూర్చో వ్రాసి పంపడం మాకు అలవాటు. ఈసారి ఒంటి సంగతి కాక మనసు సంగతి వ్రాస్తున్నాం. ఇది అన్ని మతాల కుటుంబాలు చదివే పత్రిక. మత ప్రచారం మా ఉద్దేశం కాదు. మా ఇంట్లో వచ్చిన ఒక మార్పును మీతో చెప్పుకోవాలని మాత్రమే.

మేమిద్దరం గుంటూరులో వైద్యం చదివాం. లూథరన్ సంఘంలో పెరిగాం. 1883లో అమెరికా నుండి మా ఊరు వచ్చి, ఆడవారి కోసం ఆసుపత్రి కట్టించిన డాక్టర్ అన్నా కుగ్లర్ కథ సండే స్కూలు నాటి నుండి విన్నదే. అలా ఉండాలనే అనుకున్నాం. అబూధాబీ వచ్చాక లైసెన్సు పరీక్షలు, నైట్ డ్యూటీలు, ఊళ్ళో ఇంటి లోను. అమ్మ పెట్టెలో సర్ది పంపిన బైబిలు బీరువాలో పాస్‌పోర్టుల కింద ఉండిపోయింది. ఇక్కడ ఆరాధనకు అడ్డు చెప్పినవారెవరూ లేరు. పాలకులు ఇచ్చిన స్థలంలో సెయింట్ జోసెఫ్ చర్చి 1965లోనే వెలసింది. మా విశ్వాసాన్ని ఎవరూ హింసించలేదు. సుఖమే జోకొట్టి నిద్రపుచ్చింది.

2016 మార్చి 4, శుక్రవారం. ఆ రోజుల్లో ఇక్కడ వారపు సెలవు శుక్రవారమే, ఆరాధనా ఆనాడే. మేము ఆరాధన మాని సామాన్లు కొనడానికి వెళ్ళాం. సాయంత్రం ఫోనులో వార్త కనబడింది. యెమెన్‌లోని ఏడెన్ నగరంలో మదర్ థెరిసా సోదరీమణులు నడిపే వృద్ధాశ్రమంలోకి సాయుధులు చొరబడి 16 మందిని కాల్చి చంపారు. అందులో నలుగురు సిస్టర్లు. ఇద్దరు రువాండావారు, ఒకరు కెన్యావారు, ఒకరు మన దేశపు జార్ఖండ్‌వారు. మిగతావారిలో ఇథియోపియా క్రైస్తవులూ ఉన్నారు, యెమెన్ ముస్లిములూ ఉన్నారు. ఆశ్రమంలోని సుమారు 80 మంది వృద్ధులను, వికలాంగులను ఏమీ చేయలేదు. అక్కడే ఉంటున్న కేరళ గురువు ఫాదర్ టామ్ ఉళున్నాలిల్‌ను ఎత్తుకుపోయారు.

అయ్యో అనుకున్నాం. ఫోను పక్కన పెట్టి భోజనానికి కూర్చున్నాం.

రెండు రోజుల తర్వాత పోప్ ఫ్రాన్సిస్ మాటలు చదివాం. ఆ సిస్టర్లు హంతకులకే కాక లోకపు ఉదాసీనతకు కూడా బలి అయ్యారని ఆయన అన్నారు. అది మమ్మల్ని గూర్చి అన్నట్లే ఉంది. ఏడెన్ మాకు సుమారు 1,600 కిలోమీటర్లు. అక్కడి కథోలిక సంఘాన్ని చూసే బిషప్ ఉండేది మా అబూధాబీలోనే. ఇరుగింటి చావును పరాయి దేశపు వార్తలా చదివి పక్కన పెట్టామన్నమాట.

ఆపైన వారి గూర్చి వెదికి చదివాం. మదర్ థెరిసా సోదరీమణులు యెమెన్ వెళ్ళింది 1973లో. 1998లో హొదైదాలో ముగ్గురు సిస్టర్లను చంపినా మిగిలినవారు ఆ దేశాన్ని వదలలేదు. 2015లో యుద్ధం ముదిరినప్పుడు మన ప్రభుత్వం ఆపరేషన్ రాహత్ పేరిట 4,600 మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. వీరు రాలేదు. మంచం పట్టినవారిని ఎవరికి అప్పగించి రాగలరు? వైద్యులుగా ఆ ప్రశ్న మాకు ముల్లులా గుచ్చుకుంది. మేమైతే ఉండేవాళ్ళమా? నిజం చెప్పాలంటే, మొదటి విమానంలోనే ఎక్కేవాళ్ళం.

ఫాదర్ టామ్ 2017 సెప్టెంబరు 12న, 18 నెలల తర్వాత, ఒమాన్ సాయంతో విడుదలయ్యారు. ఆయన మధుమేహ రోగి. అప్పమూ ద్రాక్షారసమూ లేకుండానే, బందీగా ఉన్న చోట దివ్యపూజ మాటలను జ్ఞాపకం నుండి చెప్పుకునేవారట. తనను బంధించినవారిపై పగ పెట్టుకోలేదు. ఆ రాత్రి మేము బీరువా తెరిచి బైబిలు బయటికి తీశాం. వారు కథోలికులు, మేము లూథరన్లం అన్న తేడా అప్పుడు గుర్తుకే రాలేదు.

మా జీవితం ఒక్కసారిగా మారిపోలేదు. లోను ఇంకా కడుతూనే ఉన్నాం. కాని ఆరాధన మానడం లేదు. మరొకటి కూడా మొదలుపెట్టాం. డ్యూటీ అయ్యాక వార్డులో తెలుగు కూలీలెవరైనా ఉన్నారేమో అడిగి, కాసేపు కూర్చుని వస్తాం. కాలు విరిగిన జగిత్యాల తమ్ముడొకడు మొదటిరోజు భయపడ్డాడు.

“డ్యూటీ అయిపోలేదా సార్? మల్ల ఎందుకొచ్చిన్రు? ఏమన్న పెద్ద రోగమా?”

“ఏం లేదు తమ్మీ, ఊరికే వచ్చాం” అన్నాం. అతడు ఏడ్చేశాడు. ఇంటికి ఫోను కలిపి ఇచ్చాం. అతడు ఏ దేవుణ్ణి కొలుస్తాడో మేము అడగలేదు. ఏడెన్‌లో ఆ సిస్టర్లు సేవ చేసిందీ ఎక్కువగా ముస్లిం వృద్ధులకే.

ప్రాణమిచ్చేంత విశ్వాసం మాకుందని చెప్పుకోలేం. ఒక అరగంట ఇవ్వగలిగే విశ్వాసం తిరిగి వచ్చింది. అదీ వారి చలవే. సభ్యులలో ఎవరికైనా మాతో వార్డుకు రావాలనిపిస్తే వచ్చే సమావేశంలో కలవండి. ఏ మతమైనా ఫరవాలేదు, తెలుగు వస్తే చాలు.